జాకెట్టుకు తీసే కొలత సైకిలుకు వద్దా?

జాకెట్టు కుట్టించుకోవాలంటే మనం ఎంత హడావిడి చేస్తాం! ఛాతీ, నడుము, భుజం, చేతి పొడవు, మెడ ముందు లోతు, వెనక లోతు... దర్జీ టేపు పట్టుకుని అన్నీ రాసుకుంటాడు. అది చాలదన్నట్టు ఆది జాకెట్టు కూడా ఇచ్చి వస్తాం. పావంగుళం తేడా వచ్చినా వెనక్కి తీసుకెళ్లి, విప్పించి, మళ్లీ కుట్టించుకునేదాకా నిద్రపట్టదు. చెప్పుల షాపులోనైతే పది జతలు తొడిగి, అద్దం ముందు అటూ ఇటూ నడిచి మరీ కొంటాం. అదే సైకిలు కొనేటప్పుడో? రంగేమిటి, ముందు బుట్ట ఉందా, గేర్లున్నాయా, ఎంతకిస్తారు – ఈ నాలుగు ప్రశ్నలతో సరి. షాపతను కూడా అంతకుమించి అడగడు. ‘లేడీస్ సైకిలే కదా మేడమ్, అందరికీ సరిపోద్ది’ అనేస్తాడు.

ఆ ‘అందరికీ సరిపోద్ది’ అన్న మాట మీదే నా అభ్యంతరం. అందరికీ సరిపోయే సైకిలు లేదు. అందరికీ సరిపోయే జాకెట్టు ఎలా ఉండదో ఇదీ అంతే. సరిపోని జాకెట్టు వేసుకుంటే మహా అయితే చంకలో పట్టేస్తుంది. సరిపోని సైకిలు తొక్కితే మోకాళ్లు, నడుము, మెడ, అరచేతులు – ఒక్కొక్కటే మొర పెట్టుకుంటాయి. అప్పుడు మనం ఏమనుకుంటాం? ‘సైకిలు నాకు సరిపోలేదు’ అనుకోం. ‘నాకు సైకిలు సరిపడదు’ అనుకుంటాం. ‘వయసైపోయింది, ఒళ్లొచ్చింది, ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంకేం తొక్కుతాం’ అని దాన్ని మేడమెట్ల కింద పెట్టేస్తాం. తప్పు ఫ్రేముది, శిక్ష ఒంటికి. ఇదేం న్యాయం, మీరే చెప్పండి!

నేను లెక్కల టీచర్ని. కృష్ణా డెల్టాలో రోడ్లు బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి బడికి సైకిలు మీదే వెళ్తాను. మా అమ్మ ఇంట్లో మిషను పెట్టుకుని ఊళ్లోవాళ్లకి జాకెట్లు కుట్టేది. కాబట్టి లెక్కా, టేపూ రెండూ నాకు పుట్టింటి సొమ్ములే. ఆ చొరవతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకుందాం. షాపులో ‘ఈ సైకిలు సైజెంత?’ అని అడిగితే ‘ఇరవై ఆరు’ అంటారు. అది చక్రం సైజు! మనిషికి సరిపోతుందా లేదా తేల్చేది ఫ్రేము సైజు. అంటే పెడల్ ఇరుసు మధ్యనుంచి, సీటు రాడ్డు దిగే పైపు పైఅంచు దాకా ఉండే పొడవు. మన నాన్నల కాలం నాటి నల్ల సైకిళ్లకు ఇది 22 అంగుళాలో, 24 అంగుళాలో ఉండేది. వంగి తొక్కే సన్నటి టైర్ల రోడ్ బైకులకు దీన్ని సెంటీమీటర్లలో చెబుతారు – 48, 50, 52, 54 అలా రెండేసి పెరుగుతూ. చిన్న ఫ్రేముకైనా పెద్ద ఫ్రేముకైనా చక్రం చాలావరకు ఒకటే, 700 అని రాసి ఉంటుంది. అంచేత రోడ్ బైకు విషయంలో చక్రాన్ని చూసి సైజు పోల్చడం అసలే కుదరదు.

కాళ్ల పొడవును బట్టి ఈ ఫ్రేము సైజు తేల్చడానికి ఒక పాత లెక్క ఉంది. గోడకు వీపు ఆనించి, చెప్పుల్లేకుండా, పాదాల మధ్య జానెడు ఎడం పెట్టి నిలబడాలి. చీర కట్టుకుని ఇది కుదరదు, లెగ్గింగ్స్ వేసుకోండి. గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి తీసుకుని (మా ఇంట్లో పెద్ద బాలశిక్ష ఈ పనికొచ్చింది) రెండు కాళ్ల మధ్య సైకిలు సీటు లాగా పైకి గట్టిగా ఆనించాలి. పుస్తకం పైఅంచు గోడకు తగిలిన చోట పెన్సిలుతో గీత గీసి, నేలనుంచి గీతదాకా టేపుతో కొలవాలి. ఒక్కసారి కొలిచి ఊరుకోవద్దు, మూడుసార్లు కొలవండి. వచ్చిన అంకెను 0.67తో హెచ్చవేస్తే పాత పద్ధతి రోడ్ బైకు ఫ్రేము సైజు వస్తుంది. అదే అంకెను 0.883తో హెచ్చవేస్తే పెడల్ ఇరుసు మధ్యనుంచి సీటు పైభాగం దాకా ఎంత ఎత్తుండాలో తెలుస్తుంది. ఈ రెండో లెక్క ఫ్రాన్సు కోచ్ సిరిల్ గిమార్ శిష్యుడైన అమెరికా రేసు వీరుడు గ్రెగ్ లెమాండ్ తన పుస్తకంలో రాయడంతో ప్రపంచమంతా తెలిసింది.

నా ఎత్తు 155 సెం.మీ., అంటే అయిదడుగుల ఒక అంగుళం. కాళ్ల కొలత 71 సెం.మీ. హెచ్చవేస్తే ఫ్రేము 47.5 వచ్చింది. మా స్కూల్లో తెలుగు టీచరుగారిదీ సరిగ్గా నా ఎత్తే. పక్కపక్కన నిలబడితే తలలు సమంగా ఉంటాయి. ఆవిడ కాళ్ల కొలత 68. ఫ్రేము 45.5 వచ్చింది. ఎత్తు ఒకటే అయినా పూర్తిగా ఒక సైజు తేడా! అక్కడితో అయిపోలేదు. ఆవిడకు కాళ్లు పొట్టి అంటే నడుము పైభాగం పొడుగన్నమాట. కాబట్టి సీటు నాకన్నా కిందికుండాలి, హ్యాండిల్ మాత్రం నాకన్నా కాస్త దూరంగా ఉన్నా బాధ లేదు. ‘అయిదడుగులా? అయితే ఇది తీసుకోండి’ అనే షాపులకి ఈ సంగతి ఎవరు చెబుతారు?

ఇక్కడ ఒక సరదా లెక్క వేశాను. 22 అంగుళాలంటే 56 సెం.మీ. దాన్ని 0.67తో భాగిస్తే 83 పైచిలుకు వస్తుంది. అంటే ఆ కాళ్లున్న మనిషి సుమారు అయిదు అడుగుల తొమ్మిది అంగుళాలుంటాడు. పాత సైకిళ్లు నిటారుగా కూచుని తొక్కేవి కాబట్టి రోడ్ బైకు లెక్క వాటికి అచ్చంగా వర్తించదనుకోండి. అయినా ఒక సంగతి తెలుస్తూనే ఉంది. మన దేశంలో ‘చిన్న సైజు’ అని అమ్మిన సైకిలు కూడా ఒక పొడుగాటి మగవాడిని మనసులో పెట్టుకుని చేసిందే. సీటు ఎక్కితే కాలందక, పిల్లలు కడ్డీ కిందనుంచి కాలు దూర్చి అడ్డంగా వంగి తొక్కేది అందుకే. హైదరాబాదు వైపు దాన్ని కైంచీ తొక్కుడంటారు. మనమంతా దాన్ని ముచ్చటగా చెప్పుకుంటాం గానీ, నిజానికి పిల్లలకు తగిన సైకిలు ఇంట్లో లేకపోవడమే అందులో ఉన్న అసలు కథ.

మరి లేడీస్ సైకిలు వచ్చాక మన బాధ తీరిందా? నా ఉద్దేశంలో సగం తీరింది, సగం కనబడకుండా పోయింది. జెంట్స్ సైకిలుకు పైన అడ్డంగా కడ్డీ ఉంటుంది. సైకిలు పెద్దదైతే దాని మీంచి కాలు వేసి నేల మీద నిలబడగానే కడ్డీ తగిలి ‘నేను నీకు పెద్దదాన్ని’ అని చెప్పేస్తుంది. లేడీస్ సైకిలుకు ఆ కడ్డీ కిందికి దిగి ఉంటుంది. లంగాలు, గౌన్లు, చీరలు అడ్డం పడకుండా చేసిన ఏర్పాటది. మంచిదే. కానీ ఎంత పెద్ద సైకిలైనా అడుగు లోపలికి వేసి నిలబడగలం కాబట్టి సైజు తప్పన్న సంగతి మనకు తెలియనే తెలియదు. సీటు కిందికి దించేస్తే పాదాలు నేలకానుతాయి, ‘సరిపోయింది’ అనుకుంటాం. సీటు దించినంత మాత్రాన హ్యాండిల్ దగ్గరికొస్తుందా? పెడల్ కడ్డీ పొట్టిదవుతుందా? సీటు మరీ కిందికుండేసరికి తొక్కినప్పుడల్లా మోకాలు ఛాతీదాకా లేస్తుంది. వారం తిరక్కుండా మోకాలిచిప్ప ముందువైపు నొప్పి మొదలు. అలాగని సీటు మరీ పైకి లేపితే మోకాలి వెనక నరం లాగుతుంది, ప్రతి తొక్కుకీ తుంటి అటూ ఇటూ ఊగుతుంది.

లేడీస్ అని పేరుండగానే ఆడవాళ్లకు మంచిదని కాదు. 1894లో ఆనీ లండన్‌డెర్రీ అనే ఆవిడ అమెరికాలోని బోస్టన్ నుంచి సైకిలు మీద ప్రపంచయాత్రకు బయలుదేరింది. ఆమెకిచ్చిన ఆడవాళ్ల సైకిలు బరువు 42 పౌన్లు. అంటే 19 కిలోలు! షికాగో చేరేసరికి విసిగిపోయి, దాన్ని వదిలేసి, సగం బరువున్న మగవాళ్ల సైకిలు తీసుకుంది. మన పక్క రాష్ట్రం తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ చొరవతో పల్లెటూరి ఆడవాళ్లు వేలకు వేలుగా సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక జెంట్స్ సైకిళ్లే కొనుక్కున్నారు. కొందరికైతే అవే నచ్చాయట, కడ్డీ మీద పిల్లను కూచోబెట్టుకోవచ్చని! జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ ఈ సంగతులన్నీ రాశారు. తమకేం కావాలో ఆ ఆడవాళ్లకు షాపులవాళ్లకన్నా బాగా తెలుసు. తెలియనిదల్లా తమ సైజు. అప్పట్లో అది చెప్పేవాళ్లెవరు?

ఇప్పుడు మా ఆడపడుచు సంగతి చెబుతాను. హైదరాబాదులో ఉంటుంది, నలభై నాలుగేళ్లు. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ వేశారు కదా, పైన సోలార్ పలకలతో. అది చూసి తనకీ సరదా పుట్టింది. ఆఫీసులో స్నేహితులంతా రోడ్ బైకులు కొన్నారని మా అన్నయ్యగారు కూడా ఉత్సాహపడి, భార్య పుట్టినరోజుకని ఒకటి కొనేశారు. అర లక్ష పైమాటే. షాపులో డిస్కౌంటులో ఉన్న ఆఖరి సైకిలట, స్టిక్కరు మీద 54 అని ఉంది. ఎక్కించి చూశారు, కాళ్లు నేలకానాయి. ‘పర్ఫెక్ట్ సార్’ అన్నారట.

రెండు నెలలు తిరిగేసరికి ఫోనులో ఒకటే గోల. ‘వదినా, అరచేతులు తిమ్మిరెక్కిపోతున్నాయి. మెడ పట్టేస్తోంది. బ్రేకు వెయ్యాలంటే వేళ్లందవు. పిల్లలు నవ్వుతున్నారు, నలభై దాటాక నీకిదెందుకమ్మా అని’. షాపులో అడిగితే అలవాటైతే పోతుందన్నారట. ఇంకొకరు ‘పొట్ట కండరాలు బలంగా లేవు, ఎక్సర్‌సైజులు చెయ్యండి’ అన్నారట. అర్ధమైంది కదా! నొప్పి ఎక్కడొచ్చినా సలహా మాత్రం ఒంటిమీదికే వస్తుంది.

సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు టేపు తీశాను. తన ఎత్తు 157, కాళ్ల కొలత 72. లెక్కకు 48 సైజు. కొన్నది 54. ఒకటి కాదు, మూడు సైజులు పెద్దది! మరి నిలబడినప్పుడు కడ్డీ ఎందుకు తగల్లేదంటారా? ఇప్పటి రోడ్ బైకులకు పైకడ్డీ పాత సైకిళ్లలా బద్దపెట్టినట్టు ఉండదు, సీటు వైపు వాలుగా దిగి ఉంటుంది. లేడీస్ సైకిలులో జరిగిన మోసమే ఇక్కడా జరిగింది. నిలబడటానికి వీలుగానే ఉంది, కూచుని హ్యాండిల్ అందుకోబోతే తెలుస్తుంది దూరం. మోచేతులు కర్రల్లా బిగుసుకుపోయి, ఒంటి బరువంతా అరచేతుల మీద పడుతోంది. హ్యాండిల్ వెడల్పు 42 సెం.మీ., తన భుజాల వెడల్పు 36. చేతులు బార్లా చాపి బిందె మోసినట్టుంది పాపం!

వాలు కడ్డీలు వచ్చాక నేను పైన చెప్పిన 0.67 లెక్క ఒక్కటే చాలదు. అది మొదటి అడుగు మాత్రమే. ఇప్పుడు కంపెనీలు ఎస్, ఎం, ఎల్ అని చొక్కాల్లాగా సైజులు పెడుతున్నాయి. ఒక కంపెనీ ఎస్ మరో కంపెనీ ఎం అంత ఉంటుంది. రెడీమేడ్ చుడీదార్ల అనుభవం మనకుంది కదా! కాబట్టి అక్షరాలు నమ్మొద్దు. ప్రతి సైకిలుకూ కంపెనీ ఒక కొలతల పట్టిక ఇస్తుంది. అందులో రెండు అంకెలు చూడండి. ఒకటి స్టాక్, రెండోది రీచ్. పెడల్ ఇరుసు మధ్యనుంచి నిలువుగా ఒక గీత గీశామనుకోండి. హ్యాండిల్ రాడ్డు దూరే ముందుపైపు పైఅంచు, ఇరుసుకన్నా ఎంత ఎత్తున ఉందో అది స్టాక్. ఆ నిలువు గీతనుంచి ఎంత ముందుకుందో అది రీచ్. స్టాక్ తక్కువైతే ఎక్కువ వంగాలి, రీచ్ ఎక్కువైతే ఎక్కువ చాపాలి. ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఉంటాయి. పది మిల్లీమీటర్లే కదా అనుకోవద్దు, గంటసేపు తొక్కితే ఆ పదీ మెడ చెబుతుంది. నలభై దాటి, కొత్తగా మొదలుపెట్టి, నడుము అంత వంగనివాళ్లకు స్టాక్ కాస్త ఎక్కువ, రీచ్ తక్కువ ఉన్నవి మేలు. రేసు కోసం చేసినవాటికన్నా దూరప్రయాణాల కోసం చేసిన రోడ్ బైకుల్లో ఇలాంటివి దొరుకుతాయి.

రెండు సైజుల మధ్యన పడితే ఏం చెయ్యాలని అడుగుతారు. నేనైతే చిన్నదే తీసుకోమంటాను. చిన్న ఫ్రేముకు సీటు రాడ్డు పైకి లేపొచ్చు, హ్యాండిల్ పట్టుకునే స్టెమ్ అనే ముక్క కొంచెం పొడుగుది వేయించుకోవచ్చు. జాకెట్టులో ఖర్చు వదిలినట్టన్నమాట. పెద్ద ఫ్రేమును కోసి చిన్నది చెయ్యలేం కదా!

పెద్దదైన సైకిలుకు షాపువాళ్లు చెప్పే వైద్యం ఒకటుంది. సీటును ముందుకు జరిపేస్తారు. హ్యాండిల్ దగ్గరైనట్టే అనిపిస్తుంది. కానీ సీటు ముందుకు జరిగితే మోకాలు పెడల్‌ని దాటి ముందుకు పోతుంది, చేతుల నొప్పి తగ్గి మోకాలి నొప్పి మొదలవుతుంది. సీటు ఎక్కడుండాలో కాళ్లే చెప్పాలి, హ్యాండిల్ సంగతి స్టెమ్‌తో చూసుకోవాలి. మా ఆడపడుచు సైకిలుకు 100 మి.మీ. స్టెమ్ తీయించి 80ది వేయించాం. హ్యాండిల్ కూడా 38 సెం.మీ.ది మార్పించాం. బ్రేకు లీవర్ల దగ్గర చిన్న స్క్రూ ఒకటుంటుంది, దాన్ని తిప్పితే లీవరు వేళ్లకు దగ్గరగా వస్తుంది. ఆ సంగతి అన్నేళ్లుగా సైకిళ్లమ్మే షాపులో ఎవరూ చెప్పకపోవడం నాకు ఆశ్చర్యం. ఇన్ని చేసినా తిమ్మిర్లు సగమే తగ్గాయి. మూడు సైజుల తేడా స్టెమ్‌తో పూడేది కాదు మరి.

ఇక్కడ చాలామంది ‘ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా చేసిన రోడ్ బైకులుంటాయి కదా, అవి కొనుక్కోవచ్చుగా’ అంటారు. ఈ విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. అమెరికాలో జార్జీనా టెర్రీ అనే ఇంజనీరు 1980లలో తన ఇంట్లోనే ఫ్రేములు అతికి, 1985లో ఆడవాళ్ల కోసం సైకిళ్ల కంపెనీ పెట్టింది. అందరూ చిన్న ఫ్రేముకు కూడా అదే పెద్ద చక్రాలు బిగిస్తుంటే, ఆమె ముందు చక్రం 24 అంగుళాలకు తగ్గించింది. దాంతో పైకడ్డీ పొట్టిదైంది, హ్యాండిల్ దగ్గరైంది, మలుపు తిరిగేటప్పుడు కాలి బొటనవేలు ముందు చక్రానికి తగిలే బాధ తప్పింది. పొట్టివాళ్లు రోడ్ బైకు కొనేటప్పుడు ఈ బొటనవేలి సంగతి కూడా చూసుకోవాలి సుమా! షాపు ముందే నెమ్మదిగా గుండ్రంగా తిప్పి చూడండి. ఇప్పటికీ కొన్ని కంపెనీలు అతి చిన్న సైజుకు కాస్త చిన్న చక్రాలు వేస్తున్నాయి. టెర్రీ గొప్పతనాన్ని నేను కాదనను. కానీ ఆమె తీర్చింది ఆడవాళ్ల సమస్యా, పొట్టివాళ్ల సమస్యా? ఆలోచించండి. అయిదడుగుల మగవాడికీ అదే సైకిలు హాయిగా ఉంటుంది.

‘ఆడవాళ్లకు కాళ్లు పొడుగు, నడుము పైభాగం పొట్టి, కాబట్టి వాళ్ల ఫ్రేము వేరు’ అని చాలా ఏళ్లు నమ్మారు, నమ్మించారు. నా ఎత్తే ఉన్న మా తెలుగు టీచరుగారిని చూశారుగా? స్పెషలైజ్డ్ అనే అమెరికా కంపెనీ వేలమంది కొలతలు పరిశీలించి, ఆడా మగా మధ్యకన్నా ఇద్దరు మగవాళ్ల మధ్యే ఎక్కువ తేడా ఉండవచ్చని తేల్చి, వేరే ఆడ ఫ్రేములు మానుకుంది. ఫ్రేము ఒకటే ఉంచి, సీటు, హ్యాండిల్ వెడల్పు, పెడల్ కడ్డీ పొడవు మనిషిని బట్టి మార్చుకోమంటారు ఇప్పుడు. నాకిది సబబుగా తోస్తుంది. ఎందుకంటే మన షాపుల్లో ‘లేడీస్ మోడల్’ అంటే చాలాసార్లు గులాబీ రంగే. కాబట్టి ‘లేడీస్ రోడ్ బైకు చూపించండి’ అని అడక్కండి. ‘నా కాళ్ల కొలత ఇంత, చేతులు చాపితే ఇంత, నాకు సరిపడే ఫ్రేము చూపించండి’ అని అడగండి. లేదంటే తెప్పించమనండి. తెప్పించడం కుదరదంటే ఇంకో షాపుకు వెళ్లండి. ఉన్న సరుకు వదిలించుకోవడం వాళ్ల అవసరం, మనది కాదు. అయితే సీటు విషయంలో మాత్రం నేను కాస్త గట్టిగా చెబుతాను. కూచునే ఎముకల మధ్య ఎడం ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. సన్నటి రేసు సీటు మీద కూచుని ఓర్చుకోనక్కర్లేదు, సిగ్గుపడి నోరు మూసుకోనూ అక్కర్లేదు. మార్చమని అడగండి.

పెద్దవాళ్ల సరదా సంగతి సరే, నన్ను ఎక్కువ బాధపెట్టేది మా బడి పిల్లలు. ఎనిమిదో తరగతి పిల్లకు సైకిలు కొంటూ ‘ఎలాగూ పెరుగుతుందిగా, పెద్దదే తీసుకో’ అంటారు ఇంట్లో. యూనిఫారానికైతే అంచు మడిచి కుట్టించవచ్చు. సైకిలుకు మడతలెక్కడ పెడతాం? సీటు పూర్తిగా దించినా మునివేళ్లు మాత్రమే నేలకు తగులుతాయి. వెనక నుంచి లారీ హారను కొట్టగానే బెదిరి, కాలు ఆనించబోయి పక్కకు ఒరిగిపోతారు. పక్కన కాలవగట్టు. మా బడికొచ్చే దారిలో ఇలా పడి చెయ్యి విరగ్గొట్టుకున్న పిల్ల ఉంది. ఆ తర్వాత నాన్న సైకిలు మాన్పించాడు. ఆటో డబ్బులు లేని రోజున బడీ మానింది. పిల్లకు తొక్కడం రాదని తీర్పు చెప్పేశారు అందరూ. సైకిలు రెండంగుళాలు పెద్దదన్న ముక్క ఎవరూ అనలేదు.

ఆడపిల్ల చదువుకు సైకిలు ఎంత పని చేస్తుందో నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోమని రెండువేల రూపాయలిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించి, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని 2017లో ప్రచురించారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2017లో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. మంచి పనులివి, చెయ్యెత్తి మొక్కాలి. అయితే ఏ ప్రభుత్వమైనా సరే, మళ్లీ ఇలాంటిది తలపెడితే రెండు సంగతులు ఆలోచించమని నా మనవి. ఒకటి, డబ్బిస్తే పిల్ల షాపుకెళ్లి ఎక్కి చూసుకుని కొనుక్కునే వీలుంటుంది. రెండు, సైకిళ్లే ఇవ్వాలనుకుంటే కనీసం రెండు సైజుల్లో తెప్పించండి. బడిలో పీఈటీ మాస్టారు ఒక్క పూట కూచుంటే పిల్లలందరి కాళ్ల కొలతలూ రాసి పంపగలరు. బూట్లకు పాదాల కొలత రాసుకుంటాం కదా, ఇదేమంత కష్టం?

ఇంట్లో పాత సైకిలుందిగా, అబ్బాయిది ఖాళీగానే ఉందిగా, అది తొక్కు అంటారు మన ఇళ్లల్లో. పిల్లాడి పాత చెప్పులు తొడుక్కుని ఎంత దూరం నడుస్తాం? ఈ మాట కూడా గట్టిగా అనవలసి వస్తోంది. ఎందుకంటే ఇంట్లో సైకిలు కొనే డబ్బు ఒక్కరికే ఉన్నప్పుడు సైజు ఎవరిదై ఉంటుందో మనకు తెలిసిందే. ‘అందరూ వాడుకోవచ్చు’ అని కొన్న సైకిలు ఎవరి కొలతదో ఈసారి ఒకసారి చూడండి.

కొలతలూ పట్టికలూ నాకు తలకెక్కవు అనేవాళ్లకు ఒక దగ్గరి దారి చెబుతాను. స్నేహితురాలిదో, పక్కింటామెదో, అద్దెకు తెచ్చుకున్నదో – మీరు గంటసేపు తొక్కినా ఎక్కడా నొప్పి తెలియని సైకిలు ఒకటి ఎక్కడో ఉంటుంది. దాన్ని పట్టుకోండి. టేపు తీసి మూడు కొలతలు రాసుకోండి. పెడల్ ఇరుసు మధ్యనుంచి సీటు పైదాకా ఎత్తు, సీటు ముక్కునుంచి హ్యాండిల్ మధ్యదాకా దూరం, నేలనుంచి హ్యాండిల్ ఎత్తు. అదే మీ ఆది సైకిలు. ఆ చీటీ పర్సులో పెట్టుకుని షాపుకెళ్లండి. వాళ్లు ఏ రంగు చూపించినా, ఎంత డిస్కౌంటిచ్చినా, ముందు ఆ మూడు కొలతలూ కలిశాయా లేదా చూసుకోండి. తర్వాత రెండు వీధులైనా తొక్కి చూస్తానని అడగండి. సైకిలు తొక్కనివ్వని షాపులో కొనడం, తొడిగి చూడనివ్వని షాపులో చెప్పులు కొన్నట్టే.

మా ఆడపడుచు ఈ మధ్య 48 సైజుది, వాడినదే, సగం ధరకు సంపాదించింది. ఆదివారాలు ట్రాక్ మీద పాతిక కిలోమీటర్లు తొక్కుతోంది. పాత 54 ఇంకా బాల్కనీలోనే ఉంది, అమ్మకానికి పెట్టారు. మొన్న ఒకాయన భార్యకని చూడటానికొస్తే, సైకిలు చూపించకముందే ‘ఆవిడ కాళ్ల కొలతెంతండీ?’ అని అడిగిందట. ఆయనకు తెలియదట. కనుక్కుని రమ్మని పంపేసింది.